సింగరేణి సొమ్మునకు గృహనిర్వాహకులు

డోర్నకలులో బండి మారి కొత్తగూడెము పోయినవారు మీలో అనేకులు గలరు. అక్కడ దిగు స్టేషనునకు ఊరి పేరు లేదు. భద్రాచలము రోడ్డు అని దానికి పేరు. ఆ దారిలో బొగ్గు నింపిన వేగనులు బారులు తీరి ఎదురుగా పోవుచుండును. పిల్లలు వాటిని వ్రేళ్లమీద లెక్కపెట్టుదురు. పెద్దలు లెక్కపెట్టవలసినది మరియొకటి గలదు. ఒక వేగను బొగ్గు అమ్మగా వచ్చిన సొమ్ములో త్రవ్వినవానికి ఎంత? త్రవ్వించినవానికి ఎంత? భూమి పోగొట్టుకొన్న వానికి ఎంత? ఈ భాగములను పంచిపెట్టువాడు తన భాగమెంతో తానే నిర్ణయించుకొనవచ్చునా?

ఇది నేటి ప్రశ్న అని మీరు అనుకొందురేమో. కాదు. ఇల్లందులో బొగ్గు త్రవ్వకము సరిగా సాగకమునుపే ఈ ప్రశ్న సముద్రము దాటి లండను నగరములో పార్లమెంటు సభ్యుల యెదుటికి వెళ్లినది. ఆ కథ మన ప్రాంతపు కథయే. అయినను మన సంఘములలో దానిని ఎరిగినవారు తక్కువ. గనుక కొంచెము వివరముగా చెప్పుదును, ఓపికతో చదువుడి.

1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు అను ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు పొర యున్నదని కనిపెట్టెను. భద్రాచలము యాత్రకు పోవువారు వంటకు పెట్టిన నల్లరాళ్లు నిప్పంటుకొని మండినవని, దానివలననే బొగ్గు సంగతి బయటపడెనని మన పెద్దలు చెప్పుకొను కథ కూడ ఒకటి గలదు. ఏది ఎట్లున్నను కింగు దొర పేరు ఆ పొరకు నిలిచిపోయినది. గని పనివారు నేటికిని దానిని కింగు సీము అనియే పిలుతురు. గనులకు మాత్రము దగ్గరనున్న సింగరేణి అను చిన్న గ్రామము పేరు వచ్చినది.

ఆ కాలమున ఈ దేశము హైదరాబాదు నిజాముది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1884లో అధికారము చేపట్టునాటికి పదునేడేండ్ల యువకుడు. నేల అడుగున నున్న సొత్తు రాజుది. రాజు పేరున దానిని చూచుకొనువారు ఉద్యోగులు. ఆ ఉద్యోగులలో సర్దార్ అబ్దుల్ హక్ అను నతడు హోము సెక్రటరీ. మిక్కిలి తెలివిగలవాడు. నిజాము రైలుమార్గము విషయమై ఇంగ్లండులోని ధనికులతో మాటలాడి ఒప్పందము కుదిర్చినవాడు అతడే. గనుల సంగతి కూడ అతని చేతికే వచ్చెను.

1886లో వాట్సను, స్టూవర్టు అను ఇద్దరు దొరలకు నిజాము రాజ్యములో గనులు త్రవ్వుకొను హక్కు దొరికెను. వారు ఆ హక్కుపత్రమును పట్టుకొని ఇంగ్లండులో హైదరాబాదు దక్కను కంపెనీ అను పేరున ఒక కంపెనీ పెట్టిరి. దాని మూలధనము పది లక్షల పౌన్లు. పది పౌన్ల వాటాలు లక్ష. వినుటకు గొప్ప సంగతి. అయితే ఆ లక్ష వాటాలలో ఎనుబదియైదు వేల వాటాలు హక్కుపత్రము తెచ్చినవారికే, సొమ్ము చెల్లించినట్లు వ్రాసి ఇచ్చివేసిరి. వారు ఒక్క పౌను కూడ పెట్టలేదు. జనులకు అమ్మజూపినవి పదునైదు వేలు మాత్రమే. గనులు త్రవ్వుటకు, యంత్రములు తెచ్చుటకు ఉపయోగపడవలసిన నిజమైన డబ్బు ఆ పదునైదు వేల వాటాల వలన రావలసినదే.

ఇది పట్టణపు సంగతి, మాకు తెలియదు అందురేమో. ఊరిలో జరిగినట్లు చూడుడి. మీ ఊరి చెరువులో చేపలు పట్టుకొను హక్కును ఇద్దరు మనుష్యులు పటేలు దగ్గర వ్రాయించుకొన్నారు అనుకొనుడి. వారు వలలు కొనలేదు, పడవ తేలేదు, నీటిలో దిగలేదు. పది వాటాల సంఘము పెట్టి, ఎనిమిదిన్నర వాటాలు తమవి అనిరి. మిగిలిన ఒకటిన్నర వాటా కొన్నవారి డబ్బుతో వలలు కొని, కూలివారిని పెట్టి చేపలు పట్టించిరి. ఇప్పుడు బుట్టెడు చేపలు వచ్చిన ప్రతిదినము ఎవని ఇంటికి ఎన్ని పోవును? చెరువు ఊరిది, వల ఇంకొకనిది, చెమట మరియొకనిది. ఎక్కువ పాలు మాత్రము కాగితము తెచ్చినవానిది.

ఇంతటితో నిలిచిన యెడల దానిని దొరల మాయ యని చెప్పి ఊరకుందుము. ఆ కంపెనీలో వాటాలు కొనుట మంచిదని నిజాము ప్రభుత్వము తలంచెను. తన దేశపు బొగ్గు గదా, లాభములో కొంత పాలు తన ఖజానాకు రావలెనని దాని ఆశ. కొనుటకు పంపబడినవాడు అబ్దుల్ హక్. అతడు ముఖవిలువకంటె ఎక్కువ ధర పెట్టి ప్రభుత్వము పేరున వాటాలు కొనెను. అమ్మినది ఎవరు? తరువాత తెలిసినది: అమ్మినవాడును అతడే. హక్కు ఇప్పించినందుకు ప్రతిఫలముగా దొరల వాటాలలో పెద్ద పాలు రహస్యముగా అతనికి ముట్టినది. ఆ ఊరక వచ్చిన వాటాలను తన యజమానికి, యజమాని సొమ్ముతో, హెచ్చు ధరకు తానే అమ్మెను. ఒక చేతితో అమ్మి ఇంకొక చేతితో కొనుట యన నిదియే.

సంగతి పత్రికలకెక్కెను. 1888లో ఇంగ్లండు కామన్సు సభవారు ప్రత్యేకముగా ఒక కమిటీని నియమించి సాక్షులను పిలిచి విచారించిరి. అబ్దుల్ హక్ ఉద్యోగము పోయెను. కంపెనీ మాత్రము నిలిచెను, దాని గనుల హక్కును నిలిచెను. మరుసటి సంవత్సరము, 1889లో, ఇల్లందులో త్రవ్వకము ఆరంభమైనది.

నాకు ఇందులో ముఖ్యముగా తోచునది ఒకటి. అబ్దుల్ హక్ జీతము పెద్దదా చిన్నదా అని ఆ కమిటీలో ఎవరికిని పట్టలేదు. జీతము వలన అతడు ధనికుడు కాలేదు. యజమానికిని బేరమునకును నడుమ నిలువబడుటచేత ధనికుడాయెను. పెద్ద పదవులలో నున్నవారి రాబడి అను మాట వచ్చినప్పుడు మనము జీతపు కాగితమును చూచి, అబ్బా ఎంత జీతమో అని ఆశ్చర్యపడుదుము. జీతమునకు ఆవల, కాగితముమీద కనబడని దారిలో వచ్చునది తరచుగా ఎక్కువ. నేటి పెద్ద కంపెనీలలో కూడ నిర్వాహకుల సంపద నెలజీతము కంటె వాటాల రూపమున పెరుగుచున్నది గదా.

ఈ సందర్భమున కొత్తగూడెము ప్రక్కనే యున్న పాల్వంచ జ్ఞాపకమునకు వచ్చుట సహజము. గోలకొండ తానీషా కాలములో పాల్వంచ పరగణాకు తహసీలుదారైన కంచెర్ల గోపన్న కథ మన ప్రాంతములో ఎరుగనివారు లేరు. ప్రజల పన్ను సొమ్మును ఆయన తన యింటికి చేర్చుకొనలేదు. భద్రాచలములో గుడి కట్టించెను. అయినను సెలవు లేక ఖర్చుపెట్టిన సొమ్మునకు లెక్క చెప్పవలసివచ్చి చెరసాలలో పడెను. ఆయన భక్తిని గూర్చి ఇక్కడ వాదించను. అయితే మంచి పనికి వాడినను సర్కారు సొమ్మునకు లెక్క తప్పదని ఆ కాలపు రాజులు ఎంచిరి. రెండువందల యేండ్ల తరువాత, తన యింటికే చేర్చుకొన్నవానికి పోయినది ఉద్యోగము!

మీరు నెహెమ్యా గ్రంథములో అయిదవ అధ్యాయము చదివియుందురు. యెరూషలేము గోడ కట్టిన సంగతి సంఘములలో తరచుగా ప్రసంగింపబడును. ఆ అధ్యాయపు చివరి భాగము మాత్రము అంతగా ప్రసంగింపబడదు. నెహెమ్యా పారసీక రాజు నియమించిన అధికారి. అధికారికి జనులవలన ఆహారమును ద్రాక్షారసమును, వాటితో కూడ నలువది తులముల వెండియు రావలెనని వాడుక యుండెను. అతనికి ముందున్నవారందరు దానిని తీసికొనిరి. వారి సేవకులు కూడ జనులమీద దొరతనము చేసిరి. నెహెమ్యా పండ్రెండు సంవత్సరములు ఆ భత్యము పుచ్చుకొనలేదు. అతని భోజనపు బల్లయొద్ద నూట ఏబది మంది తినుచుండిరి. దినమునకు ఒక యెద్దు, ఆరు గొఱ్ఱెలు, కోళ్లు వండవలసివచ్చెను. ఖర్చు లేక కాదు అతడు మానినది. హక్కు లేకయు కాదు. జనుల మీద పడిన బరువు అప్పటికే ఎక్కువగా నుండెనని అతడు చెప్పుచున్నాడు. భత్యము ధర్మమా అధర్మమా అని చట్టపుస్తకము తెరచి చూడలేదు. చెల్లించువాని వీపువైపు చూచెను. మరియు అతడు పొలములు కొనలేదు; తన పనివారిని గోడపనికే పంపెను. ఈ చివరి మాటను గమనించుడి. గోడ కట్టబడినప్పుడు చుట్టుపట్ల పొలముల ధర పెరుగును. ఆ సంగతి అందరికంటె ముందు తెలిసినవాడు అధికారియే.

తిరిగి బొగ్గు బాయికి వత్తము. మన ప్రాంతములో గనిని గని యనువారు తక్కువ. బాయి యందురు, మేనేజరును దొర యందురు. 1889 మొదలుకొని తట్ట చెమ్మసు పట్టి, టబ్బులు నింపి, నూనెదీపముల వెలుగులో వేలమంది ఆ బాయిలలో దిగిరి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ అను పేరున క్రొత్త కంపెనీ హైదరాబాదు చట్టము క్రింద ఏర్పడి, పాత కంపెనీ ఆస్తిని అప్పులను తీసికొనెను. బెస్టు కంపెనీవారు దానికి సెక్రటరీలును, బొగ్గు అమ్ము ఏజెంట్లును అయిరి. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొనెను. అనగా, తన నేలలోని బొగ్గుమీద అధికారము సంపాదించుకొనుటకు ఆ ప్రభుత్వమునకు దాదాపు అరువది సంవత్సరములు పట్టినది.

ఇక్కడ ఏజెన్సీ పద్ధతిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆ రోజులలో ఇండియాలోని గనులు, మిల్లులు, తోటలు ఎక్కువగా మేనేజింగు ఏజెంట్ల చేతిలో నుండెడివి. కంపెనీ వాటాదారులది, నడపువాడు ఏజెంటు. కమీషను కొన్నిచోట్ల లాభముమీద కాక అమ్మకముమీద వచ్చుచుండెను. కంపెనీ నష్టపడినను ఏజెంటు నష్టపడడు. ఈ సంగతి ఎరిగియే 1956 కంపెనీల చట్టము చేసినవారు ఒక హద్దు గీసిరి: నిర్వాహకులందరికి కలిపి ఇచ్చు ప్రతిఫలము నికరలాభములో నూటికి పదకొండు మించరాదు. 1970 ఏప్రిల్‌లో మేనేజింగు ఏజెన్సీలే రద్దయినవి. ఆ పదకొండు శాతపు హద్దు 2013 చట్టములో కూడ వచ్చినది గాని, నేడు వాటాదారులు తీర్మానము చేసినచో దానిని దాటవచ్చును. స్టాకు మార్కెటులో నున్న ప్రతి కంపెనీ తన డైరెక్టరు జీతము మధ్యస్థ ఉద్యోగి జీతమునకు ఎన్ని రెట్లో యేటేట ప్రకటించవలెనను నియమము కూడ నేడు గలదు. అమెరికాలో 1965 ప్రాంతమున పెద్ద కంపెనీల అధిపతి రాబడి సామాన్య కార్మికుని రాబడికి ఇరువది రెట్లుండగా, ఈ మధ్యకాలములో అది రెండువందల రెట్లు దాటినదని అచ్చటి పరిశోధకులు లెక్కకట్టిరి.

1956లోనే సింగరేణి ప్రభుత్వ కంపెనీ యైనది. రాష్ట్రముల పునర్విభజనతో దాని అధికారము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు వచ్చెను. ఉత్తర దేశపు బొగ్గు గనులు జాతీయము కావలెనన్న ఇంకను పదునైదు సంవత్సరములకు పైగా పట్టినది. నేడు వాటాలలో 51 శాతము తెలంగాణ రాష్ట్రానివి, 49 శాతము కేంద్ర ప్రభుత్వానివి. ఆ 1956లోనే, స్పెయిను దేశపు బాస్కు ప్రాంతములో మోండ్రాగోను అను చిన్న పట్టణమున, హోసే మరియా అరిజ్‌మెండి అరియేటా అను కతోలిక గురువు ప్రోత్సాహమువలన అయిదుగురు యువకులు ఒక కర్మాగారము పెట్టిరి. పనివారే యజమానులు. పైవాని జీతము క్రిందివాని జీతమునకు మూడు రెట్లు మించరాదని ఆదిలో కట్టుబాటు చేసికొనిరి. పని పెరిగినకొలది ఆ హద్దు కొంత సడలినది, ఆరు రెట్ల దాక పోయినది. లోకమంతట దానిని గొప్ప మాదిరిగా చెప్పుకొందురు. మెచ్చవలసినదే. అయితే అక్కడ కూడ సభ్యులు కాని పనివారు, తాత్కాలికముగా పెట్టుకొన్నవారు, పరదేశములలోని శాఖలలో కూలికి పనిచేయువారు పెరిగినారు; వారికి ఆ కట్టుబాటులో పాలు లేదు. ఈ మాట మనస్సులో ఉంచుకొనుడి, సింగరేణిలో మరల దీనితో పని యున్నది.

ప్రభుత్వ కంపెనీ యైనంతమాత్రమున నిర్వహణ నమ్మకమైనది కాదు. 1990ల పడిలో సింగరేణి నష్టములలో మునిగెను. రోగగ్రస్త సంస్థలను విచారించు బోర్డు ముందుకు పోవలసివచ్చెను. సమ్మెలు యేటేట వందల లెక్కన జరిగినవి. అందుకు నిర్వాహకులు కార్మికులను, కార్మికులు నిర్వాహకులను నిందించుకొనిరి. ఇరువురి మాటలలోను కొంత సత్యము గలదని నేను తలంచుచున్నాను. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు అప్పుల విషయములో ఆదుకొన్న తరువాత సంస్థ తేరుకొనెను. ఆ కాలపు ప్రారంభములో లక్షకు పైగా నున్న పనివారి సంఖ్య నేడు నలువది వేల ప్రాంతమునకు వచ్చినది.

తేరుకొన్నప్పుడు ఒక మంచి వాడుక పుట్టినది. 1999-2000 సంవత్సరపు లాభము మొదలుకొని, వచ్చిన లాభములో నూటికి పది పాళ్లు కార్మికులకు పంచిపెట్టవలెనని నిర్ణయించిరి. లాభాల వాటా అని దానికి పేరు. ఆ పాలు క్రమముగా పెరిగి 2024 నాటికి 33 శాతమైనది. పంచుటలో కూడ ఒక న్యాయము గలదు: ఎన్ని మస్టర్లు నిండినవో చూతురు, భూగర్భములో దిగినవానికి ఉపరితలమున పనిచేసినవానికంటె హెచ్చు కట్టుదురు. ఎందుకు హెచ్చో గోదావరిఖని వారిని అడుగనక్కరలేదు. 2003 జూన్ 16న అచ్చటి ఏడవ ఎల్‌ఈపీ గనిలోనికి నీరు వచ్చిపడి 17 మంది కార్మికులు చనిపోయిరి. అదే సంవత్సరము అక్టోబరులో ఆ ఊరిలోనే మరియొక గనిలో పైకప్పు కూలి పదిమంది పోయిరి. మస్టరు పుస్తకములో ఒక్క గీతగా కనబడు దినము బాయిలో అటువంటిది.

మరి పైనున్న వారి సంగతి యేమి? సింగరేణి అధిపతి చాలకాలముగా ప్రభుత్వము పంపు అధికారి. అతనికి వచ్చునది సర్కారు జీతము. కేంద్ర ప్రభుత్వరంగములో మొదటి తరగతి సంస్థల అధిపతులకు కూడ 2017 నుండి మూలవేతనము నెలకు రెండు లక్షల నుండి మూడు లక్షల డెబ్బదివేల వరకు. అధికారులకు పనితీరును బట్టి ఇచ్చు అదనపు సొమ్ము మొత్తము సంస్థ లాభములో అయిదు శాతము మించరాదు. ఇవి చిన్న మొత్తములు కావు. అయినను బొగ్గు బాయిలో అనుభవముగల శాశ్వత కార్మికుని జీతముతో పోల్చినచో ఆ దూరము ప్రైవేటు కంపెనీల దూరమువంటిది కాదు. ఒక విధముగా మోండ్రాగోను కట్టుబాటునకు దగ్గరనే యున్నదని చెప్పవచ్చును. గనుక సింగరేణిలో దూరము పైన లేదు. ఎక్కడ నున్నదో చూతము.

2023-24 సంవత్సరమునకు సింగరేణికి వచ్చిన నికరలాభము 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు విస్తరణ పనులకు ప్రక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతము, అనగా 796 కోట్లు, కార్మికులకు పంచిరి. 41,837 మందికి సగటున తలకు 1,90,000 రూపాయలు వచ్చినది. అదే ప్రకటనలో ఇంకొక మాట గలదు. సంస్థ చరిత్రలో మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడ లాభములో పాలు ఇచ్చిరి. దాదాపు 25,000 మంది. తలకు 5,000 రూపాయలు.

మీరే లెక్క కట్టుడి. 25,000 మందికి 5,000 చొప్పున పన్నెండున్నర కోట్లు. ఒకరికి 1,90,000, ప్రక్కవానికి 5,000. ముప్పది యెనిమిది రెట్లు. వీరిరువురు అదే ధూళి పీల్చువారు, ఆ మట్టిలోనే నడచువారు. కాంట్రాక్టువారు వేరే పని చేయుదురు గదా అందురు. నిజమే. ఊడ్చువారు, బండి తోలువారు, సరకు మోయువారు, కాపలా కాయువారు వారిలో గలరు. ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుమీది మట్టిని తొలగించు పని ప్రైవేటు కాంట్రాక్టర్లది. ఆ మట్టి తీయక బొగ్గు రాదు. పని వేరు గనుక పాలు వేరుగా నుండవచ్చును. ముప్పది యెనిమిది రెట్లు వేరుగా నుండవలెనా? 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు జీతముల కొరకు సమ్మె చేసిరి. మొట్టమొదట ఏమియు లేనిచోట 5,000 వచ్చుట మేలే. ఇచ్చినవారిని నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు.

ప్రియ చదువరులారా, నేను ఎవరిని ఉద్దేశించి వ్రాయుచున్నానో ఇప్పుడు చెప్పవలెను. 1886లో దొరలను, సెక్రటరీని చూచి పళ్లు కొరుకుట సులభము. వారు చనిపోయిరి. అమెరికాలో రెండువందల రెట్ల జీతగానిని తిట్టుటయు సులభము. అతడు మన పత్రిక చదువడు. కొత్తగూడెము, ఇల్లందు, మణుగూరు, రామగుండము, గోదావరిఖని సంఘములలో ఆదివారమున ఒకే బల్లమీద శాశ్వత ఉద్యోగియు కాంట్రాక్టువాడును కూర్చుందురు. ఒకడు దసరాకు ముందు లాభాల వాటాతో బండి కొనును. రెండవవాని పిల్లవాని కాలేజీ రుసుమునకు డబ్బు చాలదు. ద్రాక్షతోటలో కడపటి గంటకు వచ్చినవానికి కూడ దినకూలి ఇచ్చిన యజమాని కథలో సణిగినవారు ఎవరు? యజమాని కాదు, ఇంటిలోని ధనికులు కాదు; ఉదయమే వచ్చిన కూలివారు. తమ కూలి తగ్గలేదు, అయినను సణిగిరి. యూనియను ఎన్నికలలో లాభాల వాటా శాతము పెంచవలెనని అడుగుదుము. పంచువారి వరుసలో ఇంకొకనిని చేర్చవలెనని అడుగుట అరుదు. శాతము 33 నుండి 34 అగుటకు చప్పట్లు కొట్టు చేయి, 25,000 మందిని గూర్చి పైకెత్తుట కష్టము. పైవానిని గృహనిర్వాహకుడవని పిలుచు మనము, మనకు క్రిందివాని విషయములో గృహనిర్వాహకులమే.

డోర్నకలు అధ్యక్ష మండలములో పూర్వము స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడెల్ల పిడికెడు బియ్యము వేరుకుండలో వేసి సంఘమునకు తెచ్చెడివారు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికను బిషప్పుగా అభిషేకింపబడిన వి. ఎస్. అజరయ్యగారు ఆ బీద సంఘముల కానుకలను ఎంతో ఘనముగా ఎంచిరి. ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకము కూడ వ్రాసిరి. బియ్యము మిగిలినప్పుడు ఇచ్చిన పిడికెడు కాదది, వండకమునుపు తీసిన పిడికెడు. సింగరేణి లాభములో విస్తరణకు ముందుగా తీసి ప్రక్కన పెట్టుదురు. కాంట్రాక్టువానికి కడపట మిగిలినదానిలో నుండి ఇత్తురు. ఎసరులో ముందు ఎవని పిడికెడు పడునో చూచినచో ఆ యింటి సంగతి తెలియును.

భూమి పోగొట్టుకొన్న పల్లెల సంగతి కూడ ఇందులోనిదే. ఓపెన్‌కాస్టు గని వచ్చిన చోట ఊరు లేచిపోవును, బావులు ఎండును. అటువంటి పల్లెల కొరకు 2015లో చట్టము సవరించి జిల్లాకొక ఖనిజ నిధి ఏర్పాటు చేసిరి. బొగ్గుమీద ప్రభుత్వమునకు కట్టు రాయల్టీ విలువలో 14 శాతము. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులవారు ఆ రాయల్టీలో 30 శాతమునకు సమానమైన సొమ్మును, తరువాత వేలములో పొందినవారు 10 శాతమును ఆ నిధికి అదనముగా కట్టవలెను. త్రాగునీరు, వైద్యము, చదువు మొదలైనవాటికి దానిలో అధికభాగము వెచ్చించవలెనని నియమము. ఇది కాక పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభములో రెండు శాతము సంఘసేవకు ఖర్చుపెట్టవలెనని 2013 చట్టము చెప్పుచున్నది. ఈ రెండు సొమ్ములును మీ పల్లె దగ్గరకే రావలసినవి. మీ పల్లెలో ఆ సొమ్ముతో త్రవ్విన బోరు ఏదో, కట్టిన గది ఏదో మీరు చూపగలరా? చూపగలిగినచో సంతోషము. చూపలేకపోయినచో అడుగుటకు దారి గలదు.

1888లో సింగరేణి లెక్క అడుగుటకు లండనులో పార్లమెంటు కమిటీ కూర్చుండవలసివచ్చెను. ఇల్లందు రైతు అడిగియుండినచో గుమ్మము దాటనిచ్చెడివారు కారు. 2005 సమాచార హక్కు చట్టము వచ్చిన తరువాత ఆ కష్టము లేదు. సింగరేణి ప్రభుత్వ సంస్థ. జిల్లా ఖనిజ నిధి కలెక్టరుగారి అధ్యక్షతను నడచునది. ఆ చట్టపు నాలుగవ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ సంస్థ తన అధికారులు, ఉద్యోగులు నెలకు ఎంత పుచ్చుకొందురో ఎవరును అడుగకమునుపే ప్రకటించవలెను. మిగిలినవి అడుగవచ్చును: మన గ్రామమునకు ఖనిజ నిధి ఏ యేడు ఎంత మంజూరైనది, ఏ పనికి ఖర్చయినది, మన దగ్గరి గనిలో కాంట్రాక్టు పనివారు ఎందరు, వారి కూలి ఏ కాంట్రాక్టరు ద్వారా ఎంత చెల్లించబడినది, వారి భవిష్యనిధి కట్టబడినదా లేదా. తెల్లకాగితముమీద వ్రాసి, పది రూపాయల రుసుము కట్టి, కొత్తగూడెములోని ప్రధాన కార్యాలయములోగాని కలెక్టరు కార్యాలయములోగాని సమాచార అధికారి పేరున ఇయ్యవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. ముప్పది దినములలో జవాబు రావలెను. దరఖాస్తు తెలుగులోనే వ్రాయవచ్చును.